కుక్కలకు వచ్చు గజ్జి - వెండ్రుకలు రాలుట

కళ్లమువద్దను, కొట్టమువద్దను రేయింబవళ్లు కావలి యుండు కుక్కకు వెండ్రుకలు రాలి పుండ్లు పడగనే, కొందఱు దానిని గజ్జికుక్క యని తఱిమివేయుదురు. మఱికొందఱు చేతికందిన మందెల్ల పూయుదురు. ఈ రెండును తగవు. వెండ్రుకలు రాలుట రోగచిహ్నమేగాని రోగము గాదు. కారణమును బట్టి చికిత్స వేఱగును. ముఖ్యకారణములు నాలుగు.

1. గజ్జి: కంటికి కానరాని పురుగు చర్మమును తొలిచి గ్రుడ్లు పెట్టుటచే కలుగును. గ్రుడ్డు పెద్దపురుగగుటకు సుమారు 3 వారములు పట్టును. చెవుల అంచులు, మోచేతులు, మడమలు, పొట్ట ముందుగా చెడును. దురద మిక్కుటము. ఇతర కుక్కలకు త్వరగా నంటును. తాకిన మనుష్యులకును దద్దుర్లు రావచ్చును. కుక్కకు నయమైన పిమ్మట నవి సాధారణముగా తగ్గును.

2. కుదుళ్ల పురుగు: ఇది వెండ్రుకల కుదుళ్లలో నుండును. తొలిదినములలో తల్లినుండి కూనకు వచ్చును. కండ్లచుట్టును, మూతివద్దను, ముంగాళ్లమీదను వెండ్రుకలు పలుచబడును. దురద తక్కువ, మనుష్యులకు అంటదు. కూనకు ఒకటి రెండు మచ్చలే యున్నచో తఱచుగా తమంతట మానును. పెద్దకుక్కకు వచ్చినచో లోపల వేఱొక జబ్బుండవచ్చును.

3. తామర: ఇది బూజుజాతి తెగులు. గుండ్రని మచ్చలు పడును. ఇంటిలోని పిల్లలకును అంటును గాన జాగ్రత్త వలయును.

4. దుమికెడు పురుగులు: వీనివలన నడుమునను, తోక మొదటను వెండ్రుకలు రాలును. వీని గ్రుడ్లు కుక్క పండుకొనుచోట దుమ్ములో రాలును. కాన కుక్కకు మాత్రమే మందు వేసిన చాలదు. ఆ తావును ఊడ్చి శుభ్రపఱుపవలయును.

చేయరాని పనులు: పైరులకు చల్లు పురుగుమందును కుక్కకు పూయరాదు. అది చర్మముగుండ ఇంకును. కుక్క నాకుటచే కడుపులోనికిని పోవును. చొంగ కారి, వణకు పుట్టి, ఊపిరాడక కుక్క చచ్చును. ఇంజనులనుండి తీసిన పాతనూనెయు, కిరసనాయిలును విషములే. పశువులకిచ్చు ఐవర్‌మెక్టిన్ సూదిమందును స్వయముగా వేయరాదు. మోతాదు తప్పిన ప్రమాదము. కోలీ మొదలగు కొన్ని జాతులకు అది మిక్కిలి అపాయకరము.

చేయవలసినది: కుక్కను పశువైద్యశాలకు గొనిపోవలయును. వైద్యుడు చర్మమును గీచి, ఆ పొట్టును సూక్ష్మదర్శినితో పరీక్షించును. గజ్జిపురుగు ఒక్కొక్కప్పుడు పరీక్షలో దొరకదు. అయినను లక్షణములను జూచి వైద్యుడు మందీయవచ్చును. ఫ్లూరలానర్, అఫోక్సొలానర్ మున్నగు బిళ్లలు రెండువిధముల పురుగులపైనను నేడు చక్కగా పనిచేయుచున్నవి. కుక్క బరువును బట్టి వైద్యుడే మోతాదు నిర్ణయింపవలయును. గజ్జి యైనచో ఇంటనున్న కుక్కలన్నిటికి ఒకేసారి చికిత్స చేయింపవలయును. లేనిచో ఒకదానినుండి మఱియొకదానికి మరల నంటును. దురద తగ్గినంతనే మందు మానరాదు. వైద్యుడు చెప్పిన కాలము పూర్తిచేయవలయును.

వెండ్రుకలు రాలిన కుక్క పనికిరానిది గాదు. కారణము తెలిసి మందిచ్చినచో పెక్కు కుక్కలు కోలుకొని మరల కావలి కాయును.