అసెన్షన్ ద్వీపము – పచ్చ తాబేళ్లు

అట్లాంటిక్ మహాసముద్రపు పటమును తెఱచి, ఆఫ్రికా ఖండమునకును బ్రెజిలు దేశమునకును నడుమనున్న నీలిభాగమును శ్రద్ధతో పరికించినచో, భూమధ్యరేఖకు ఎనిమిది డిగ్రీల దక్షిణమున సూదిమొనతో గ్రుచ్చినట్టి చుక్క యొకటి కానవచ్చును. చిన్న పటములలో అదియును కానరాదు. అదియే అసెన్షన్ ద్వీపము. దాని వైశాల్యము సుమారు 88 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఆఫ్రికా తీరము అచ్చటికి 1,500 కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. బ్రెజిలు తీరము సుమారు 2,250 కిలోమీటర్లు. దగ్గఱి పొరుగైన సెంట్ హెలీనా ద్వీపము సైతము సుమారు 1,300 కిలోమీటర్ల దూరమున నున్నది.

ఇంత యల్పమైన ద్వీపమును గూర్చి మనమేల తెలిసికొనవలెనని విద్యార్థులు అడుగవచ్చును. ఆ ద్వీపము చుట్టునుగల సముద్రమున గడచిన రెండువందల యేండ్లలో జరిగిన మార్పులు, మానవుడు ప్రకృతికి ఎంత సులభముగా హాని చేయగలడో, ఆ హాని మానుటకు ఎంత దీర్ఘకాలము పట్టునో మనకు చక్కగా బోధించుచున్నవి. ఆ పాఠమును నేర్పునది పచ్చ తాబేలు.

ద్వీపము, దాని సముద్రము

అసెన్షన్ ద్వీపము అగ్నిపర్వతము వలన పుట్టినది. మూడువేల మీటర్లకు మించిన లోతుగల సముద్రగర్భమునుండి లావా పొరలు పొరలుగా పేరుకొని నీటిపైకి లేచి ద్వీపమైనది. దాని శిఖరమైన గ్రీన్ మౌంటెన్ సముద్రమట్టమునకు 859 మీటర్ల ఎత్తున నున్నది. 1501వ సంవత్సరమున జువావ్ ద నోవా అను పోర్చుగీసు నావికుడు ఈ ద్వీపమును కనుగొనెను. 1503లో అఫోన్సో ద ఆల్బుకెర్క్ దీనిని క్రీస్తు ఆరోహణపు పండుగనాడు చూచి, ఆ పండుగ పేరే దీనికి పెట్టెను. తరువాత 1510లో గోవాను పట్టుకొన్న ఆల్బుకెర్క్ ఇతడే. 1815లో నెపోలియనును సెంట్ హెలీనాలో బంధించినప్పుడు, ఆంగ్లేయులు కావలికై అసెన్షనులో నావికాదళము నుంచిరి. అంతకుముందు అచ్చట స్థిరనివాసము లేదు.

తీరములకు ఇంత దూరమున నుండుటచే ఈ ద్వీపపు సముద్రమునకు ఒక విశేషము కలిగినది. చేపల యొక్కయు రొయ్యల యొక్కయు పసిపిల్లలు సాధారణముగా ప్రవాహములలో కొట్టుకొనిపోయి క్రొత్త తీరములను చేరును. కాని వేలకొలది కిలోమీటర్లు దాటి ప్రాణములతో ఇచ్చటికి చేరినవి కొద్ది. అందుచే జాతుల సంఖ్య స్వల్పము. చేరిన కొద్దిజాతులును తమ బంధువర్గమునకు దూరమై, అనేక వేల యేండ్లలో క్రమముగా మార్పుచెంది, వేఱు జాతులైనవి. కావున లోకమున మఱియెచ్చటను లేని చేపలు కొన్ని ఇచ్చట కలవు. తీరపు లావారాళ్ల నడుమ, భూమిలోపలి పగుళ్లద్వారా సముద్రముతో సంబంధముగల చిన్న ఉప్పునీటి మడుగులు కలవు. వానిలో రెండు రొయ్యజాతులు నివసించుచున్నవి. ఆ మడుగులు పూడినచో ఆ జాతులకు వేఱొక ఇల్లు లేదు. పోటీచేయు జాతులు తక్కువ యగుటచే కొన్ని చేపలు లెక్కకు మించి పెరిగినవి. ద్వీపవాసులు నల్లచేప యని పిలుచు చేపలు నీటిలో ఏదైన ఆహారము పడినంతనే మేఘమువలె క్రమ్ముకొనును.

తాబేలు ప్రయాణము

ఈ సముద్రమునకు అతిథియై వచ్చు ప్రాణి పచ్చ తాబేలు. దాని పైచిప్ప పచ్చగా నుండుటచే ఈ పేరు వచ్చినదని యనుకొనరాదు. దాని క్రొవ్వు పచ్చని వన్నె కలదగుటచే వచ్చినది. పెద్దతాబేలు మీటరునకు మించిన పొడవు కలిగి, నూఱు కిలోగ్రాములకు మించి తూగును. ఈ తాబేళ్లు బ్రెజిలు తీరమున సముద్రపు గడ్డిని, నాచును మేయుచు బ్రదుకును. గ్రుడ్లు పెట్టు కాలము వచ్చినప్పుడు మాత్రము ఆ మేతను విడిచి, రెండువేల కిలోమీటర్లకు పైగా ఈది అసెన్షనునకు వచ్చును. అచ్చట వానికి తగిన మేత దాదాపు లేదు. కావున కొన్ని నెలలపాటు ఒంటిలోని క్రొవ్వు ఆధారముగనే జీవించును.

ఇంత సముద్రములో ఇంత చిన్న చుక్కను అవి యెట్లు కనుగొనుచున్నవి? ఆర్చీ కార్ అను అమెరికా జీవశాస్త్రజ్ఞుడు 1960 మొదలుకొని తాబేళ్లకు గుర్తుబిళ్లలు కట్టి, అసెన్షనులో గ్రుడ్లు పెట్టినవే బ్రెజిలు తీరమున మేయుచున్నవని నిరూపించెను. తరువాతివారు ఉపగ్రహముల సాయమున వాని దారిని గమనించిరి. కొన్ని తాబేళ్లను ద్వీపమునకు దూరముగా గొనిపోయి విడిచిపెట్టగా, ద్వీపముమీదుగా గాలి వీచు దిక్కున నున్నవి త్వరగా తిరిగివచ్చినవి. ఎదురుదిక్కున విడిచినవి చాల ఆలస్యముగా వచ్చినవి. కావున గాలి మోసికొనివచ్చు వాసన వానికి ఒక మార్గదర్శకమని తలచుచున్నారు. భూమి యొక్క అయస్కాంతశక్తియు సముద్రపు తాబేళ్లకు తోడ్పడునని ఇతర పరిశోధనలవలన తెలియుచున్నది.

డిసెంబరు మొదలు జూను వఱకు ఆడతాబేళ్లు రాత్రివేళ ఒడ్డునకు ప్రాకివచ్చి, ఇసుకలో గొయ్యి త్రవ్వి, సుమారు 120 గ్రుడ్లు పెట్టి, పూడ్చి, సముద్రమునకు మరలిపోవును. ఒక్క ఋతువులో ఒక తల్లి అయిదాఱు మారులు ఇట్లు చేయును. తరువాత మూడు నాలుగేండ్ల వఱకు తిరిగి రాదు. గ్రుడ్లనుండి వెడలిన పిల్లలలో పెద్దవై మరలివచ్చునవి వేయింటికి ఒకటో రెండో యని శాస్త్రజ్ఞుల అంచనా. అవియును గ్రుడ్లు పెట్టు ఈడునకు వచ్చుటకు సుమారు 25 మొదలు 40 ఏండ్లు పట్టును. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు. ముందుకథకంతకును ఇదియే కీలకము.

వేట

నీటిలో తాబేలు చుఱుకైనది, ఒడ్డున నిస్సహాయమైనది. దానిని వెల్లకిల త్రిప్పినచో తిరిగి లేవజాలదు. తిండియు నీరును లేకున్నను ఓడలపై వారములకొలది బ్రదికియుండును. కావున దీర్ఘప్రయాణము చేయు నావికులకు ఇది నడచివచ్చిన ఆహారపుమూట వంటిదయ్యెను. నావికాదళము వచ్చిన తరువాత ఈ వేట యొక వ్యాపారముగా మాఱినది. జార్జ్‌టౌన్ ఒడ్డున రాతిగోడలతో చెఱువులు కట్టి, పట్టిన తాబేళ్లను వానిలో నిలువచేసి, వచ్చిపోవు ఓడలకు నిచ్చిరి. కొన్ని ఇంగ్లండులోని ధనికుల విందులలో పులుసుకై సజీవముగ పంపబడెను. విశేషముగా పట్టిన యేండ్లలో ఒక్క సంవత్సరమున వెయ్యికి మించి పట్టబడెను.

ఇచ్చట ఒక్క విషయము గమనింపవలెను. ఒడ్డునకు వచ్చునవి ఆడతాబేళ్లే. అనగా చంపబడినవన్నియు తల్లులే. ఒక్క తల్లి చచ్చినచో ఆ యేటి ఆఱేడువందల గ్రుడ్లును, రాబోవు ఋతువుల గ్రుడ్లన్నియు నశించినట్లే. అయినను వేటగాండ్రకు ఆ నష్టము వెంటనే కానరాలేదు. ఏలయన, ముప్పదియేండ్లక్రిందట పుట్టిన తాబేళ్లు ఇంకను వచ్చుచునే యుండెను. అప్పు తెచ్చి తినువాని యింట కొంతకాలము లేమి కానరాదు గదా! క్రమముగా రాక తగ్గెను. ఇరువదవ శతాబ్దపు నడిమిభాగమునాటికి ఆ వేట నిలిచిపోయెను.

తాబేళ్లకే గాక సముద్రపక్షులకును ఆ కాలమున కీడు కలిగెను. ఓడలనుండి దిగిన ఎలుకలను చంపుటకై తెచ్చిన పిల్లులు అడవిపాలై పక్షులను తినసాగెను. అసెన్షనున తప్ప మఱెచ్చటను గూడుకట్టని ఫ్రిగేట్ పక్షి ప్రధానద్వీపమును విడిచి, ప్రక్కనున్న బోస్న్ బర్డ్ అను చిన్న రాతిదిబ్బపై తలదాచుకొనెను.

విడిచిపెట్టుట వలని ఫలము

వేట మానిన మఱునాడే తాబేళ్లు పెరిగెనా? లేదు. 1977–1982 సంవత్సరముల నడుమ లెక్కింపగా ఏడాదికి సగటున సుమారు 3,700 గూళ్లు మాత్రమే కనబడెను. 2010–2013 నడుమ ఆ సంఖ్య సుమారు 23,700 అయినది. అనగా ఆఱురెట్లకు మించి పెరిగినది. వేట ఆగిన దినములలో పుట్టిన పిల్లలు పెద్దవై, తల్లులై మరలివచ్చుటకు ఒక తరము పట్టినది. ఇందు బ్రెజిలు దేశీయుల పాలును కలదు. 1980లో అచ్చట స్థాపింపబడిన తమార్ అను సంస్థ తమ తీరమున తాబేళ్లను రక్షించుచున్నది. ఒక దేశమున మేసి వేఱొకచోట గ్రుడ్లు పెట్టు ప్రాణిని ఒక్క దేశము కాపాడజాలదు.

పక్షుల విషయమునను శ్రద్ధ వహించిరి. అడవిపిల్లులను పూర్తిగా తొలగించినట్లు 2006లో ప్రకటించిరి. 2012లో ఫ్రిగేట్ పక్షులు మరల ప్రధానద్వీపముపై గూళ్లు పెట్టినవి. 2019లో ద్వీపముచుట్టునుగల 4,40,000 చదరపు కిలోమీటర్లకు మించిన సముద్రమును రక్షితప్రాంతముగా ప్రకటించి, అందు వ్యాపారపు చేపలవేటను, గనుల త్రవ్వకమును నిషేధించిరి. ఇది మన ఆంధ్రప్రదేశ్ వైశాల్యమునకు రెండున్నర రెట్లకు మించినది. ట్యూనా చేపలకును సొఱచేపలకును దానివలన ఆశ్రయము కలిగినది.

క్రొత్త ఆపద

కాని కథ ఇంతటితో ముగియలేదు. తాబేలుపిల్ల ఆడదో మగదో నిర్ణయించునది ఇసుక యొక్క వేడిమి. సుమారు 29 డిగ్రీలకు మించిన వేడిలో ఆడపిల్లలు ఎక్కువగా పుట్టును. అంతకన్న చల్లనైన ఇసుకలో మగవి ఎక్కువగా పుట్టును. అసెన్షనులోని లాంగ్ బీచ్ ఇసుక తెల్లనిది. ఈశాన్యపు అఖాతమున ఇసుక నల్లనిది. నల్లని ఇసుక ఎండను ఎక్కువగా గ్రహించి రెండు మూడు డిగ్రీలు అధికముగా వేడెక్కును. ఒకే ద్వీపమున ఒకే ఎండలో రెండు ఒడ్డుల సంతతి ఇట్లు భిన్నమగుచున్నది. బొగ్గు, చమురు మండించుట వలన భూగోళము వేడెక్కుచున్న ఈ దినములలో, మగతాబేళ్లు మిక్కిలి తగ్గిపోవునేమో యని శాస్త్రజ్ఞులు చింతించుచున్నారు. వేడి మఱింత పెరిగినచో గ్రుడ్లు లోపలనే చెడిపోవును. వేటగాని చేయి పట్టుకొని ఆపవచ్చును. కాని ఈ వేడిమిని ఆ ద్వీపపు శాసనములు ఆపజాలవు. అది మనవంటి కోట్లకొలది జనుల వంటయిండ్లనుండియు, బండ్లనుండియు, కర్మాగారములనుండియు పుట్టుచున్నది.

మన తీరము

మన తెలుగు తీరమునకును తాబేళ్లు వచ్చును. ఆలివ్ రిడ్లే అను చిన్నజాతి తాబేళ్లు చలికాలపు చివర శ్రీకాకుళము మొదలు నెల్లూరు వఱకుగల ఒడ్డులలో గ్రుడ్లు పెట్టును. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము వానిని కాపాడుచున్నది. అయినను మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక చచ్చినవి ఒడ్డునకు కొట్టుకొనివచ్చుచుండును. సముద్రతీర గ్రామములనుండి మన పాఠశాలకు వచ్చు విద్యార్థులు వానిని చూచియుందురు. ఈసారి చూచినప్పుడు, అది అనేక యేండ్ల ఎదురుచూపునకు ఫలమని తలపోయుడు. గ్రుడ్లను కుక్కలు త్రవ్వకుండ కాచుట, రాత్రివేళ ఒడ్డున దీపములు వెలిగింపకుండుట, ప్లాస్టిక్ సంచులను సముద్రమున పడవేయకుండుట బాలురును చేయదగిన పనులే.

అసెన్షనులో మొదట వేట మానిన వారిలో అనేకులు ఆఱురెట్లయిన గూళ్లను కన్నులార చూడలేదు. వారి పిల్లలును మనుమలును చూచిరి. మామిడిటెంక నాటిన తాతకు ఆ పండ్లు దక్కకపోవచ్చును. అయినను నాటక మానడు. సముద్రవిషయమునను మన మట్లే చేయవలసియున్నది.