డేగవేటగాండ్రును బైరిడేగయు

పక్షులను వేటాడించుటకై డేగను చేతిమీఁద పెంచువాఁడు డేగజాతికి శత్రువని తలఁచుట సహజము. గూఁటిలోని పిల్లలను దొంగిలించి తెచ్చువారును అట్టివారిలో కలరు. ఆ మాట దాఁపనక్కఱలేదు. అయినను అమెరికా సంయుక్త రాష్ట్రములలో బైరిడేగ నశింపఁబోవుచుండఁగా దానిని నిలుపుటకు ముందు పూనినవారు ఈ వేటగాండ్రే. పైరులపై మందు చల్లు మనము ఆ వృత్తాంతము తెలిసికొనఁదగును.

రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట ఆ దేశమున పొలములపైనను అడవులపైనను డి.డి.టి. విరివిగా చల్లిరి. మందు తగిలిన పురుగులను చిన్న పిట్టలు తినెను. అట్టి పిట్టలను పెక్కింటిని బైరిడేగ తినెను. ఆ విషము క్రొవ్వులో నిలిచి, ఒక ప్రాణినుండి యింకొకదానికి పోవుకొలఁది హెచ్చును. డేగ వెంటనే చావలేదు; కాని దాని గ్రుడ్ల పెంకు పలుచనై, పొదుగఁ గూర్చున్న తల్లి బరువునకే చిట్లిపోయెను. పిల్లలు లేనిచో జాతి యెట్లు నిలుచును? కొలఁది యేండ్లలోనే ఆ దేశపు తూర్పుభాగమున గూడు కట్టు బైరిడేగయే లేకపోయెను.

బాల్యమునుండి డేగలను పెంచిన టామ్ కేడ్ అను పక్షిశాస్త్రజ్ఞుఁడు 1970లో కార్నెల్ విశ్వవిద్యాలయమున వీనిని సాఁకి పిల్లలు చేయించుటకు పూనెను. వేటగాండ్రు తాము ముద్దుగా పెంచుకొనుచున్న పక్షులను విత్తనమునకై యిచ్చిరి.

పిల్లలను అడవికి అలవాటు చేయు ఉపాయమును వేటగాండ్రదే. వారు పూర్వమునుండి ఎగురలేని పిల్లను ఎత్తైన చోట నుంచి, ఱెక్కలు వచ్చిన పిమ్మట అచ్చటనే మేఁత పెట్టుచు కొన్ని వారములు స్వేచ్ఛగా ఎగురనిచ్చి, తానై వేట నేర్చు వేళకు మరల పట్టెడివారు. కేడ్ మొదలగువారు అంతయు నట్లే చేసిరి. పట్టుట మాత్రము మానిరి. మేఁత పెట్టు మనిషి పక్షుల కంటఁబడకుండ జాగ్రత్తపడిరి. పిల్లలు మేఁతకు వచ్చుట తగ్గి, తుదకు రాకపోవుటయే పని నెరవేఱిన గుర్తు. 1974 మొదలు 1997 వఱకు 6,000కు మించిన డేగలను విడిచిరి. వానిలో పెక్కింటిని ఈ రీతినే.

అయినను 1972లో ఆ ప్రభుత్వము పైరులపై డి.డి.టి.ని నిషేధింపనిచో ఈ శ్రమ వ్యర్థమయ్యెడిది. విడిచిన డేగలును విషపు పిట్టలనే తిని పలుచని గ్రుడ్లనే పెట్టెడివి. 1999 ఆగస్టులో నశించుచున్న జీవుల పట్టికనుండి బైరిడేగ పేరు తీసివేసిరి.

మన దేశమున 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి డేగలను పట్టుట నేరము. కనుక వారి ఉపాయము మనకు పనికిరాదు. సేద్యమున డి.డి.టి. వాడుక 1989లోనే నిలిపివేయఁబడినది. కాని ఎలుకలకు పెట్టిన విషము ఎలుకతోనే పోదు. దానిని తిన్న గుడ్లగూబకును చేరును. ఎర పెట్టిన మఱునాఁటి నుండి ప్రతి ఉదయము గట్లవెంట తిరిగి, చచ్చిన యెలుకలను ఏరి లోతుగా పూడ్చవలయును.