దృశ్యశ్రవ్యము: అంధ బధిర ప్రేక్షకులకు నాటకము

దేవతలు బ్రహ్మను దృశ్యమును శ్రవ్యమును అగు క్రీడనీయకము నడిగిరనియు, అతడు సర్వవర్ణములకు చెందు పంచమవేదముగా నాట్యమును సృష్టించెననియు నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయము తెలుపుచున్నది. చూపుగాని వినికిడిగాని లేనివారి కీ వేదమున పాలెంత?

చతుర్విధాభినయములలో ఆంగికాహార్యములు కంటికి, వాచికము చెవికి గోచరించును. సాత్త్వికము రెండింటికిని చెందును: అశ్రువు కనబడును, స్వరభేదము వినబడును. కావున ఏ ప్రేక్షకునకు ఏది లోపించునో ముందే నిర్ణయింపవచ్చును.

ఈ విచారమునకు కోల్‌కత రంగస్థలము మంచి ఆధారము. రవీంద్రుని ‘రాజా’ నాటకమున (1910) రాజు రంగమున కనబడడు. రాణి సుదర్శన అతనిని చీకటిగదిలోనే కలిసికొనును. వెలుగులో చూడగోరి, ఒక కపటిని రాజని భ్రమపడును. దాసి సురంగమ మాత్రము చూడకయే రాజు రాకను గుర్తించును. ఆ చీకటిలో చూపున్న ప్రేక్షకుడును అంధుడును సమానులే. 1996లో ఆ నగరముననే అంధులు నటులుగా ‘బ్లైండ్ ఓపెరా’ అను సమాజ మేర్పడినది. చూపులేనివారు శ్రోతలు మాత్రమే కారనియు, రంగమును నడుపగలవారనియు దీనిచే స్పష్టమైనది.

అయితే ఆ చీకటిగది బధిరునకు రెండువిధముల నష్టము. మాట వినబడదు, సంకేతభాషలో చెప్పు అనువాదకుని చేతులును కనబడవు. ఒకరికి తెరచిన ద్వారము మరియొకరికి మూతపడును. అనువాదకునిపై చిన్న దీప ముంచిన బధిరునకు మేలగును. కాని చీకటి ఎంత చెడునో దర్శకుడే తూచవలెను. తీవ్రమైన కాంతిని, ధ్వనిని ఓర్వలేనివారికై వానిని తగ్గించి, నడుమ వెలుపలికి పోయి వచ్చు స్వేచ్ఛ నిచ్చు ప్రదర్శనమును వేరుగా ఏర్పరుపవచ్చును.

అంధునకు సంభాషణల నడుమ విరామములలో దృశ్యవర్ణనమును చెవి పరికరముద్వారా వినిపింతురు. ముందుగా దుస్తులను, రంగసామగ్రిని తాకి చూడనిత్తురు. ఇట్టి వర్ణనము తెలుగువారికి క్రొత్త కాదు. కూచిపూడి భామాకలాపమున సత్యభామ ప్రవేశదరువులోనే తానెవరో, తనరూప మెట్టిదో పాడి తెలుపును. అచట వర్ణనము కావ్యాంగమే గాని పైనుండి తగిలించినది కాదు.

కళలను వికలాంగులకు అందుబాటులోనికి తెచ్చుట 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వములకు విధించిన కర్తవ్యములలో నొకటి. కాని చట్టము ద్వారమువరకే తేగలదు. ఆసనములో కూర్చున్నవానికి నాటకము దక్కుటయు దక్కకపోవుటయు రచనయందును, అభ్యాసమునందును ముందే నిర్ణయమగును.