గుర్తుంచుకునే ప్రోగ్రాము

పిల్లలూ! మీరు పైథాన్ భాషలో ఒక పదాల ఆట రాశారనుకోండి. అందులో తెలుగు, కన్నడం, ఇంగ్లీషు అనే మూడు భాషలు ఉన్నాయి. మీ చెల్లెలు తెలుగును ఎంచుకొని, అక్షరాలను పెద్దవి చేసుకొని ఆడింది. మరునాడు ఆట తెరవగానే మళ్ళీ ఇంగ్లీషే, మళ్ళీ చిన్న అక్షరాలే! "అక్కా! నిన్న మార్చాను కదా?" అని అడిగింది. ఎందుకిలా జరిగింది?

నడుస్తున్న ప్రోగ్రాము తన విలువలను ర్యామ్‌లో ఉంచుకుంటుంది. ర్యామ్ పలక వంటిది. ప్రోగ్రాము ముగియగానే పలక తుడిచినట్లు ఆ విలువలు పోతాయి. అవి నిలవాలంటే నోటుపుస్తకంలో ఎక్కించినట్లు డిస్కు మీద ఒక ఫైలులో రాయాలి. ఇలా దాచుకునే ఎంపికలను సెట్టింగులు అంటారు.

వీటిని దాచడానికి ఐఎన్ఐ ఫైలు సులభమైన సాధనం. దాని రూపం ఇలా ఉంటుంది:

[ఆట]
భాష = తెలుగు
అక్షరాల సైజు = 24

చదరపు బ్రాకెట్లలో ఉన్నది విభాగం పేరు. సమాన గుర్తుకు ఎడమవైపున పేరు, కుడివైపున విలువ ఉంటాయి. 1992లో వచ్చిన విండోస్ 3.1లో ఇటువంటి ఫైళ్ళను విరివిగా వాడారు. పైథాన్‌లోని కాన్ఫిగ్‌పార్సర్ వీటిని చదువుతుంది, రాస్తుంది కూడా.

అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం. మొదటిసారి ఆడేటప్పుడు ఫైలే ఉండదు. అప్పుడు ఆట ఆగిపోకుండా, ముందుగా నిర్ణయించిన విలువలతో మొదలు కావాలి. ఫైలు నుండి వచ్చిన 24 సంఖ్య కాదు, రెండు అక్షరాల వరుస మాత్రమే; దానిని సంఖ్యగా మార్చుకోవాలి. తెలుగు అక్షరాలు చెడిపోకుండా, రాసేటప్పుడూ చదివేటప్పుడూ యూటీఎఫ్-8 పద్ధతినే వాడాలి.

ఫైలు రాస్తుండగా కరెంటు పోతే? పాత ఫైలు మీదనే రాస్తే పాతదీ పోతుంది, కొత్తదీ దక్కదు. అందుచేత ముందు వేరే పేరుతో పూర్తిగా రాసి, ఆ తరువాత దానిని పాతదాని స్థానంలో ఉంచాలి. ఒకే కంప్యూటరును పలువురు వాడుతుంటే ఎవరి ఫైలు వారి ఫోల్డరులో ఉండాలి. రహస్య పదాలను మాత్రం ఇందులో రాయరాదు. ఫైలు తెరిచినవారెవరైనా వాటిని చదవగలరు.

ఒకసారి చెప్పిన మాటను మళ్ళీ మళ్ళీ చెప్పించుకోకపోవడం మనుషులకే కాదు, ప్రోగ్రాముకూ మర్యాదే.

ప్రశ్నలు
1. ర్యామ్‌ను పలకతో ఎందుకు పోల్చారు?
2. సెట్టింగుల ఫైలు లేనప్పుడు ప్రోగ్రాము ఏమి చేయాలి?
3. మీ ఆటకు "శబ్దం" అనే సెట్టింగును చేర్చి, ఫైలును తిరిగి రాయండి.