ఏమియు సిద్ధపరచుకొననివారు
పాఠ్యభాగము: నెహెమ్యా 8:9–12

క్రిస్మసు సమీపించగానే మా తల్లి అరిసెలకు బియ్యము నానబోసెడిది. తడిపిండి దంచి, జల్లించి, బెల్లపు పాకమును చుక్కచుక్కగా నీటిలో వేసి పరీక్షించెడిది. అది వ్రేళ్ల నడుమ మెత్తని ఉండయైనప్పుడే పిండి కలుపవలెను. పాకము ముదిరినయెడల అరిసె గట్టిపడును, లేతదైనయెడల నూనెలో విడిపోవును. తీపి తినుటకంటె చేయుటయందే ఆమెకు మక్కువ. ఇది వ్యర్థప్రయాసమని యౌవనమున నేను తలంచితిని. వేదాంతవిద్యార్థులకు అట్టి తొందరపాటు తీర్పులు సహజము.

ధర్మశాస్త్రము విని ఏడ్చుచున్న ప్రజలు మధురమైనది త్రాగవలెననియు, ఏమియు సిద్ధపరచుకొననివారికి వంతులు పంపవలెననియు 10వ వచనములో ఆజ్ఞ పొందిరి. 'వంతులు' అనుచోట హెబ్రీ మూలమున 'మానోత్' అను మాట గలదు. ఎస్తేరు 9:19లోను అదే మాట. నేటికిని యూదులు పూరీము పండుగనాడు ఒకరికొకరు తినుబండారములు పంపుకొందురు. సిద్ధపరచుకొననివారనగా బీదలేయని నేను చాలకాలము బోధించితిని.

మా తండ్రి మరణించిన యేట మా పొయ్యిమీద మూకుడు ఎక్కలేదు. మరణము సంభవించిన యింట ఆ యేడు పిండివంటలు చేయకుండుట మా ప్రాంతమున అనేకుల వాడుక. క్రిస్మసు ఉదయమున పొరుగింటి హిందూ సోదరి గిన్నెనిండ అరిసెలు తెచ్చి గడపయొద్ద నిలిచి, "వదినా, నీ చేతి పాకంలా కుదరలేదు" అనెను. మా తల్లి గిన్నె అందుకొని చాలసేపు ఏడ్చెను. పిదప ఒక అరిసె విరిచి నోట వేసికొని, "అవును, పాకం కొంచెం ముదిరింది" అనెను.