మాస్టడాన్, బ్లూస్కై, నోస్టర్: ఏ కంపెనీ చేతిలోనూ లేని సోషల్ మీడియా ఏది?

ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్‌లో ఉండే ఒక స్టూడెంట్ గ్రూప్స్, డీఎస్సీ నోటిఫికేషన్ల కోసం ఓ పేజీ నడుపుతున్నాడనుకుందాం. మూడేళ్ల కష్టం, వేలల్లో ఫాలోవర్లు. ఒకరోజు పొద్దున తార్నాక మెట్రో స్టేషన్‌లో ఫోన్ తీస్తే 'మీ అకౌంట్ సస్పెండ్ అయింది' అని మెసేజ్. ఎందుకో తెలీదు. అడుగుదామంటే మనిషి దొరకడు. పోయింది అకౌంట్ ఒక్కటే కాదు, ఆ వేల మందిని మళ్లీ చేరుకునే దారి కూడా పోయింది.

ఇలాంటివి మన దేశంలో నిజంగానే జరిగాయి. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు లాయర్ సంజయ్ హెగ్డే అకౌంట్‌ను ట్విట్టర్ సస్పెండ్ చేసింది. దానికి నిరసనగా చాలామంది ఇండియన్ యూజర్లు మాస్టడాన్‌కు వెళ్లారు. మరి మన దేశం యాప్ అయితే సేఫా? బెంగళూరులో పుట్టిన 'కూ' యాప్ తెలుగులో కూడా ఉండేది. 2024 జులైలో మూసేస్తున్నామని దాని ఫౌండర్లే ప్రకటించారు. అంటే కంపెనీ ఏ దేశానిది అన్నది అసలు ప్రశ్న కాదు. మనం బయటికి వెళ్లాలనుకుంటే మన సామాను, మన మనుషులు మనతో వస్తారా? చూడాల్సింది అది. ఈ ఒక్క టెస్ట్‌తో మూడు నెట్‌వర్క్‌లను పోల్చి చూద్దాం.

మాస్టడాన్: హాస్టళ్ల పద్ధతి

దీన్ని జర్మనీలో ఉండే యూజెన్ రోచ్‌కో 2016లో మొదలుపెట్టాడు. క్యాంపస్‌లోని హాస్టళ్లను గుర్తు తెచ్చుకోండి. ఒక్కో హాస్టల్‌కు ఒక్కో వార్డెన్, ఒక్కో రూల్. అయినా సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ ముందు అందరూ కలిసి కబుర్లు చెప్పుకుంటారు. మాస్టడాన్‌లో హాస్టల్ అంటే సర్వర్, వార్డెన్ అంటే అడ్మిన్. సర్వర్లు వేరైనా 'యాక్టివిటీపబ్' అనే ఉమ్మడి భాషలో మాట్లాడుకుంటాయి. జీమెయిల్ నుంచి యాహూకు మెయిల్ వెళ్లినట్టే.

వార్డెన్ నచ్చకపోతే ఇంకో సర్వర్‌కు మారొచ్చు. ఫాలోవర్లు వాళ్లంతట వాళ్లే కొత్త అకౌంట్‌కు వచ్చేస్తారు. పాత పోస్టులు మాత్రం పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి. ఇంకో చిక్కు: సర్వర్ చెప్పాపెట్టకుండా ఆగిపోతే ఫాలోవర్లను తెచ్చుకునే దారి ఉండదు. మారడానికి పాత సర్వర్ పనిచేస్తూ ఉండాలి మరి. ప్రైవేట్ మెసేజ్‌లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, కాబట్టి రహస్యాలు అక్కడ వద్దు.

బ్లూస్కై: తలుపు ఉంది, జనమంతా ఒకే బిల్డింగ్‌లో

2019లో ట్విట్టర్ లోపలే ప్రాజెక్టుగా మొదలై, తర్వాత వేరే కంపెనీ అయింది. 2024 ఫిబ్రవరి నుంచి ఇన్విటేషన్ లేకుండా ఎవరైనా చేరొచ్చు. ఇక్కడ మన డేటాను వేరే సర్వర్‌కు మార్చుకుంటే పోస్టులు, ఫాలోవర్లు రెండూ వెంట వస్తాయి. సొంత డొమైన్ ఉంటే అదే మన యూజర్‌నేమ్. వాడటానికి పాత ట్విట్టర్ లాగే ఉంటుంది.

కానీ ఎక్కువమంది అకౌంట్లు ఇప్పటికీ ఆ కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి. పైగా అందులో ఇన్వెస్టర్ల డబ్బు ఉంది. తలుపు ఉన్నంత మాత్రాన అందరూ బయటికి రాగలరని కాదు.

నోస్టర్: తాళం చెవి మీదే

ఇందులో హాస్టల్ లేదు, వార్డెన్ లేడు. మీకు రెండు 'కీ'లు ఉంటాయి. ఒకటి అందరికీ చెప్పేది, రెండోది మీ దగ్గరే దాచుకునేది. పోస్టులు 'రిలే' అనే సర్వర్ల ద్వారా వెళ్తాయి. ఒక రిలే మిమ్మల్ని బ్లాక్ చేస్తే ఇంకోటి వాడుకోవచ్చు. మీ అకౌంట్‌ను పూర్తిగా తీసేసే అధికారం ఎవరికీ లేదు. అయితే సీక్రెట్ కీ పోతే అంతే సంగతులు, 'ఫర్గాట్ పాస్‌వర్డ్' బటన్ ఉండదు. స్పామ్ బెడద కూడా ఎక్కువే.

మరి మెటా వారి థ్రెడ్స్? అందులో ఆప్షన్ ఆన్ చేస్తే మీ పోస్టులు మాస్టడాన్ యూజర్లకూ కనిపిస్తాయి. అకౌంట్ మాత్రం మెటా సర్వర్లలోనే. కిటికీ తెరిచారు, తలుపు కాదు.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి?

కంపెనీల నుంచి స్వతంత్రం కావాలంటే మాస్టడాన్, సులువుగా వాడుకోవాలంటే బ్లూస్కై, సొంత బాధ్యత మోయగలమంటే నోస్టర్. దేనిలోనైనా అసలు సమస్య ఒకటే: ఫ్రెండ్స్ అక్కడ ఉండకపోవడం. 2019లో మాస్టడాన్‌కు వెళ్లిన వాళ్లలో చాలామంది అందుకే వెనక్కి వచ్చేశారు.

కాబట్టి ఒంటరిగా వెళ్లకండి, మీ క్లాస్‌మేట్స్ పది మందితో కలిసి వెళ్లండి. మాస్టడాన్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ కాబట్టి ఒక డిపార్ట్‌మెంట్ విద్యార్థులు కలిసి సొంత సర్వర్ కూడా పెట్టుకోవచ్చు. మన హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. స్వేచ్ఛ సంస్థ విద్యార్థులను కలుపుకొని తెలుగులో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది ఇక్కడే. కాకపోతే సర్వర్ అద్దె ఎవరు కడతారు, గొడవలొస్తే ఎవరు చూస్తారు అన్నది ముందే మాట్లాడుకోండి. సీనియర్లు పాసై వెళ్లిపోయాక పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గర ఉంటాయో కూడా!

ఇవేవీ వద్దు, ఉన్న యాప్ చాలు అంటారా? అయితే ఈ రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ డేటా ఒక కాపీ డౌన్‌లోడ్ చేసుకోండి. ముఖ్యమైన వాళ్ల ఫోన్ నంబర్లు విడిగా రాసిపెట్టుకోండి. అకౌంట్ పోయిన రోజు మీ చేతిలో మిగిలేవి అవే.