రోడ్ బైక్ బరువు తగ్గించడం: గ్రాముకు ఎంత ఖర్చు? ఘాట్ ఎక్కేటప్పుడు ఎన్ని సెకన్ల లాభం?

కొత్త ఫోన్ పాతదాని కన్నా 20 గ్రాములు తగ్గిందంటే రివ్యూలో దానికో పేరా కేటాయిస్తాం. సైకిళ్ల ప్రపంచంలో ఈ గ్రాముల పిచ్చి ఇంకా ఎక్కువ. అక్కడ 60 గ్రాములు తగ్గించడానికి నాలుగు వేలు పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ డబ్బుకు నిజంగా ఏం వస్తుంది? స్పెక్ షీట్‌లో అంకె తగ్గడమేనా, లేక రోడ్డు మీద కూడా తేడా తెలుస్తుందా? తిరుపతిలో నా రోడ్ బైక్‌ను 10.9 కిలోల నుంచి 9.6 కిలోలకు దించాను. ఒక్కో పార్ట్‌ను కిచెన్ స్కేల్ మీద పెట్టి తూకం వేశాను, ఖర్చు రాసుకున్నాను. ఆ లెక్కంతా ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ముందుగా ఒక మాట. ఇక్కడ రోడ్ బైక్ అంటే మోటార్ బైక్ కాదు. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్‌తో ఉండే స్పీడ్ సైకిల్. నాది అల్యూమినియం ఫ్రేమ్, 8 స్పీడ్ గేర్లు, రిమ్ బ్రేకులు. మన దగ్గర చాలామంది మొదటగా కొనేది ఇలాంటిదే.

అల్ట్రాలైట్ అంటే ఎంత?

సైక్లింగ్ రేసులను నడిపే అంతర్జాతీయ సంస్థ యూసీఐ 2000లో ఒక రూల్ పెట్టింది. రేసులో వాడే సైకిల్ 6.8 కిలోల కన్నా తక్కువ ఉండకూడదు. బరువు కోసం కంపెనీలు భద్రతను పణంగా పెట్టకూడదనేదే దీని ఉద్దేశం. అందుకే 7 కిలోల చుట్టుపక్కల ఉన్నదాన్ని అల్ట్రాలైట్ అంటారు. అంత దూరం వెళ్లాలంటే కార్బన్ ఫ్రేమ్ కావాలి, ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఫ్రేమ్ మార్చకుండా పార్టులు మాత్రమే మార్చి ఎంతవరకు వెళ్లొచ్చు, ఎక్కడ ఆగాలి? మనలాంటి వాళ్లకు పనికొచ్చే ప్రశ్న అదే.

ఏం మార్చాను, ఎంత తగ్గింది?

ఇవి నేను కొన్నప్పటి ధరలు. మీరు కొనే రోజుకు అటూ ఇటూ అవుతాయి. కానీ ఏది చవక, ఏది ఖరీదు అన్న వరుస పెద్దగా మారదు.

- ట్యూబులు: మామూలు బ్యూటైల్ రబ్బర్ ట్యూబ్ ఒక్కోటి 105 గ్రాములు, టీపీయూ ట్యూబ్ 38 గ్రాములు. రెండు చక్రాలకు కలిపి 134 గ్రాములు తగ్గింది. ఖర్చు రూ. 1,800. గ్రాముకు రూ. 13.
- క్రాంక్: పాత స్క్వేర్ టేపర్ క్రాంక్, బాటమ్ బ్రాకెట్ కలిపి 1,250 గ్రాములు. కొత్త టూ పీస్ క్రాంక్ బేరింగులతో సహా 980. తగ్గింది 270 గ్రాములు. ఖర్చు రూ. 6,500. గ్రాముకు రూ. 24.
- సీటు: 370 గ్రాముల నుంచి 230కి. తగ్గింది 140 గ్రాములు. ఖర్చు రూ. 3,500. గ్రాముకు రూ. 25.
- టైర్లు: లోపల ఇనుప తీగ ఉన్న టైర్ ఒక్కోటి 340 గ్రాములు. మడత పెట్టగలిగే ఫోల్డింగ్ టైర్ 225. రెండింటికి 230 గ్రాములు తగ్గింది. ఖర్చు రూ. 8,000. గ్రాముకు రూ. 35.
- సీట్ పోస్ట్: అల్యూమినియంది 310 గ్రాములు, కార్బన్‌ది 200. తగ్గింది 110 గ్రాములు. ఖర్చు రూ. 4,500. గ్రాముకు రూ. 41.
- చక్రాలు: పాత జత 2,000 గ్రాములు, కొత్త అల్యూమినియం జత 1,540. తగ్గింది 460 గ్రాములు. ఖర్చు రూ. 26,000. గ్రాముకు రూ. 57.
- క్యాసెట్: 11-28 తీసి 11-32 వేశాను. దీంతో 40 గ్రాములు పెరిగింది! ఖర్చు రూ. 1,500. ఎందుకు పెంచానో కింద చెప్తాను.

మొత్తం లెక్క: 1,304 గ్రాములు తగ్గింది, ఖర్చు రూ. 51,800. చక్రాలను పక్కన పెడితే మిగతా పార్టులతో 884 గ్రాములు రూ. 24,300కే తగ్గిపోయాయి. అంటే సగం డబ్బు ఒక్క చక్రాలకే పోయింది.

ఘాట్ మీద దీని విలువ ఎంత?

తిరుపతి వాళ్లకు ఘాట్ అనగానే తిరుమలే గుర్తొస్తుంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. ఇప్పుడు ఒకటి దిగడానికి, ఒకటి ఎక్కడానికి. కానీ అక్కడ చెకింగులు, టైమింగులు, బస్సుల రద్దీ ఉంటాయి. అది ట్రైనింగ్ చేసుకునే రోడ్డు కాదు. సైకిల్‌కు అసలు పరీక్ష కావాలంటే మదనపల్లె వైపు వెళ్లాలి. దారిలో భాకరాపేట ఘాట్, ఆ తర్వాత మదనపల్లె దాటాక హార్స్‌లీ హిల్స్. బెంగళూరు సైక్లిస్టులు కూడా వీకెండ్‌లో అక్కడికి వస్తుంటారు.

లెక్క కోసం 9 కిలోమీటర్లలో 500 మీటర్ల ఎత్తు ఎక్కే ఘాట్ అనుకుందాం. హార్స్‌లీ హిల్స్ దాదాపు ఇలాగే ఉంటుంది. నా బరువు 64 కిలోలు. సైకిల్ 10.9. బూట్లు, బట్టలు, నీళ్లు, టూల్స్ కలిపి 3.1. మొత్తం 78 కిలోలు. కాళ్ల నుంచి చక్రానికి అందే పవర్ 180 వాట్లు. ఇంటర్‌లో చదివిన ఫిజిక్సే ఇక్కడ పనికొస్తుంది. ఎత్తు ఎక్కడానికి కావాల్సిన శక్తి అంటే బరువు × 9.81 × ఎత్తు. అది దాదాపు 383 కిలోజౌళ్లు. టైర్ల రాపిడికి ఇంకో 48, గాలికి సుమారు 26. మొత్తం 457. దాన్ని 180తో భాగిస్తే దాదాపు 42 నిమిషాలు.

ఇప్పుడు 1.3 కిలోలు తీసేద్దాం. మిగిలేది 40 సెకన్లు.

అవును, 42 నిమిషాల్లో 40 సెకన్లే. మొత్తం ఖర్చును దీంతో భాగిస్తే సెకనుకు రూ. 1,300 పడింది. కారణం సింపుల్. కొండ ఎక్కేది సైకిల్ ఒక్కటే కాదు, మనతో కలిపి 78 కిలోలు. అందులో 1.3 కిలోలు అంటే రెండు శాతం కూడా కాదు.

అసలు హీరో టైర్ రబ్బరే

టైర్ రోడ్డు మీద దొర్లేటప్పుడు రబ్బరు నలిగి, మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. అక్కడే కొంత శక్తి వేడిగా పోతుంది. దీన్ని రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. నా లెక్కలో మామూలు టైర్‌కు 0.007, మంచి రేసింగ్ టైర్‌కు 0.0045 తీసుకున్నాను. రోడ్డు గరుకుగా ఉంటే రెండూ పెరుగుతాయి. ఈ చిన్న తేడాకు అదే ఘాట్‌లో 17 కిలోజౌళ్లు మిగులుతాయి. టైమ్‌లో చూస్తే సుమారు 95 సెకన్లు!

అంటే రూ. 8,000 టైర్లు, బరువు సంగతి పక్కన పెట్టినా, మొత్తం రూ. 51,800 బరువు తగ్గింపు కన్నా రెట్టింపు పని చేశాయి. పైగా ఈ లాభం చదును రోడ్డు మీద కూడా ఉంటుంది. బరువుకు ఆ సుఖం లేదు. శ్రీకాళహస్తి వైపు సమంగా ఉన్న రోడ్డు మీద 30 కి.మీ. స్పీడ్‌తో పోతుంటే మనల్ని ఆపేది గాలి, బరువు కాదు. అక్కడ వదులు టీషర్ట్ బదులు ఒంటికి అతుక్కునే జెర్సీ వేసుకోవడం, కాస్త వంగి కూర్చోవడం పెద్ద అప్‌గ్రేడ్.

మరి చక్రాలు తేలికైతే రెట్టింపు లాభం అంటారే? తిరిగే భాగం కాబట్టి స్పీడ్ అందుకునేటప్పుడు రిమ్ బరువు ఎక్కువ ప్రభావం చూపిస్తుంది, నిజమే. కానీ ఘాట్‌లో ఒకే స్పీడ్‌తో ఎక్కుతున్నప్పుడు చక్రంలో 100 గ్రాములైనా, సీట్లో 100 గ్రాములైనా ఒకటే. కొత్త చక్రాలతో సైకిల్ చురుగ్గా అనిపిస్తుంది, అది బాగుంటుంది కూడా. కానీ ఘాట్ టైమింగ్ కోసమే కొంటుంటే తొందరపడకండి.

బరువు పెంచి లాభపడిన చోటు

ఇప్పుడు ఆ క్యాసెట్ సంగతి. ముందు 34 పళ్లు, వెనుక 28 ఉంటే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ దాదాపు 2.55 మీటర్లు కదులుతుంది. నిటారు మలుపులో స్పీడ్ 9 కి.మీ.కి పడిపోతే పెడల్ నిమిషానికి 59 సార్లే తిరుగుతుంది. మోకాళ్ల మీద భారం పడేది అక్కడే. వెనుక 32 ఉంటే అదే స్పీడ్‌కు 67 సార్లు తిరుగుతుంది. 40 గ్రాములు పెరిగినా పైదాకా ఆగకుండా వెళ్లగలుగుతాం. కొనేముందు మీ రియర్ డీరైలర్ 32 పళ్లను తీసుకుంటుందో లేదో చూసుకోండి. నాది లాంగ్ కేజ్ కాబట్టి సరిపోయింది.

నీళ్ల సీసా కూడా ఇంతే. 750 మి.లీ. నీళ్లు వదిలేస్తే 23 సెకన్లు మిగులుతాయి. కానీ మన ఎండల్లో ఆ 23 సెకన్ల కోసం గొంతు ఎండబెట్టుకోవడం తెలివైన పని కాదు. ఒంటి బరువు తగ్గాలని తిండి మానేయడం కూడా అంతే. ట్రైనింగ్‌తో 180 వాట్లను 190 చేసుకుంటే రెండు నిమిషాలకు పైగా తగ్గుతుంది. దానికి రూపాయి ఖర్చు లేదు.

దిగేటప్పుడు గ్రాములు చూడొద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పాయింట్. ఎక్కేటప్పుడు పెట్టిన 383 కిలోజౌళ్లు దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. కొంత గాలికి పోతుంది, మిగతాది బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. మొత్తం వేడి చూస్తే ఒక లీటర్ నీళ్లను మరిగించడానికి సరిపోయేంత ఉంటుంది. రిమ్ బ్రేకుల్లో ఆ వేడంతా రిమ్‌కు, అక్కడి నుంచి ట్యూబ్‌కు వెళ్తుంది. అందుకే:

1. రిమ్ బ్రేక్ సైకిల్‌కు చవక కార్బన్ రిమ్‌లు వేసి ఘాట్ దిగొద్దు. కార్బన్‌ను పట్టి ఉంచే రెజిన్ వేడికి మెత్తబడి రిమ్ దెబ్బతినొచ్చు. నేను అల్యూమినియం రిమ్‌లే తీసుకున్నది ఇందుకే.
2. టీపీయూ ట్యూబుల్లో కొన్ని డిస్క్ బ్రేకులకు మాత్రమే. బాక్స్ మీద రిమ్ బ్రేక్‌కు పనికొస్తుందని రాసి ఉంటేనే కొనండి.
3. బ్రేక్ నిరంతరం నొక్కి పట్టుకోవద్దు. మలుపుకు ముందు గట్టిగా నొక్కి, స్పీడ్ తగ్గాక వదిలేయండి. రిమ్ చల్లబడటానికి టైమ్ దొరుకుతుంది.
4. ఫోర్క్, హ్యాండిల్‌బార్, స్టెమ్, బ్రేకుల్లో పేరు లేని కార్బన్ పార్టులు వద్దు. కార్బన్ వంగి ముందుగా హెచ్చరించదు, ఒక్కసారిగా విరిగిపోవచ్చు. సైకిల్‌లో నేను ముట్టుకోని పార్టులు ఇవే.
5. కార్బన్ సీట్ పోస్ట్‌కు గ్రీజ్ బదులు కార్బన్ పేస్ట్ రాసి, టార్క్ రెంచ్‌తో పార్ట్ మీద ముద్రించిన అంకె వరకే బిగించండి.

మన ఊళ్లో మెయింటెనెన్స్

టీపీయూ ట్యూబ్‌ను మామూలు సొల్యూషన్, ప్యాచ్‌తో అతికించలేం, దానికి వేరే ప్యాచ్ ఉంటుంది. నా ట్యూబ్ చూసి పంక్చర్ షాపాయన "ఇదేంది సామీ, ప్లాస్టిక్ కవర్ మాదిరి ఉండాదే!" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే సీటు కింద బ్యాగులో ఎప్పుడూ ఒక బ్యూటైల్ ట్యూబ్ పెట్టుకుంటాను. ఇంకోటి, మన సన్నటి ప్రెస్టా వాల్వ్‌కు షాపుల్లోని గాలి పైపు పట్టదు. తక్కువ ధరకే దొరికే ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే ఏ ఊళ్లోనైనా గాలి కొట్టించుకోవచ్చు.

ఏ బడ్జెట్‌కు ఏది?

- రూ. 10,000 లోపు: మంచి టైర్లు, ట్యూబులు. ఇంకేం ఆలోచించొద్దు.
- ఘాట్ ఎక్కేవాళ్లకు: దాంతో పాటు 32 పళ్ల క్యాసెట్. టైర్ల తర్వాత నా ఓటు దీనికే.
- రూ. 25,000 వరకు: క్రాంక్, సీటు. సీటు మాత్రం బరువు చూసి కాదు, కూర్చుని చూసి కొనండి.
- రూ. 50,000 వరకు: తేలికపాటి అల్యూమినియం చక్రాలు. ఇవి అవసరం కన్నా ముచ్చట ఎక్కువ.
- అంతకు మించి: ఆ డబ్బు పాత సైకిల్ మీద పెట్టొద్దు. దాచుకుని కార్బన్ ఫ్రేమ్, డిస్క్ బ్రేకులు ఉన్న వేరే సైకిల్‌కు వెళ్లండి. అల్యూమినియం ఫ్రేమ్‌కు కార్బన్ పార్టులు ఎన్ని తగిలించినా 7 కిలోలకు చేరడం చాలా కష్టం.

బెంచ్‌మార్క్ స్కోర్ చూసి ఫోన్ కొనొద్దని మనం ఎప్పుడూ చెప్పుకుంటాం కదా. సైకిల్‌లో ఆ స్కోరే బరువు. కొనేముందు గ్రాముకు ఎంత అని ఒకసారి, సెకనుకు ఎంత అని ఇంకోసారి లెక్క వేయండి. రెండో లెక్కలో నిలబడిన పార్ట్‌కే డబ్బు పెట్టండి.